పేరు రాయలేదు కదా అనుకున్నాను

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను, తర్వాత చెప్పేదంతా దాని వివరణే కాబట్టి. పత్రికల్లో జుట్టు నెరిసేదాకా పనిచేసినవాణ్ణి, ఒక మనిషి పేరు రాయకపోతే ఆ మనిషి గురించి రాసినట్టు కాదని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. కొత్తగా రాయడానికి వచ్చిన పిల్లలకి అదేదో వృత్తి రహస్యమన్నట్టు నేర్పాను కూడా. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే ఆ పాఠాన్ని దయచేసి వెనక్కి ఇచ్చేయండి. ఇది దానికి బదులు.

నేను పనిచేసినది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో, పక్షానికోసారి వచ్చే ఉచిత పత్రికలో. శాండ్రింగమ్ ప్రాంతపు కిరాణా కొట్ల గుమ్మాల దగ్గర, ఉల్లిపాయల బస్తాల పక్కన, దొంతరగా పెట్టి ఉండేది. ఉచితం కాబట్టి విలువ లేదనేవాళ్లు కొందరు, విలువ లేదు కాబట్టే ఉచితమనేవాళ్లు కొందరు. యజమాని పాపటోయిటోయిలో స్థిరపడిన ఫిజీ పెద్దమనిషి. ఇంగ్లిషు పేజీలు ఆయనవి, చివర నాలుగు తెలుగు పేజీలు నావి. ఆయనకు తెలుగు ఒక్క అక్షరం రాదు. నా పేజీల్లో ఏముందో ఆయనకు తెలియదు, ఏముండకూడదో నాకు తెలియదు. ఇద్దరం హాయిగా ఉండేవాళ్లం.

ఆ నాలుగు పేజీల్లో జనం ముందుగా చదివేది ‘పోపులపెట్టె’ అనే నా శీర్షిక. మనవాళ్ల సంఘాల్లోని ముచ్చట్లు, ఎత్తిపొడుపులు, ఎవరికి ఎవరితో పడటం లేదు వగైరా. ఎవరి పేరూ ఉండేది కాదు. ‘ఓ ప్రముఖుడు’, ‘ఒకానొక కార్యవర్గ సభ్యుడు’ అని మొదలుపెట్టి, ఆయన ఊరో, కారు రంగో, మీసమో తగిలించి వదిలేసేవాణ్ణి. బెజవాడలో జిల్లా పేజీలు దిద్దే రోజుల్లో అబ్బిన విద్య ఇది. అక్కడ ‘ఓ నాయకుడు’ అని రాస్తే అనుమానించడానికి పాఠకుడికి కనీసం యాభైమంది దొరుకుతారు. ఎవరికి వారు అది ఎదుటివాడే అనుకుని సంతోషిస్తారు. ఆక్లాండ్‌లో అదే మాట రాస్తే ఒక్కడే దొరుకుతాడు. విద్యను విమానంలో తెచ్చుకున్నాను గాని, ఆ యాభైమందినీ వెంట తెచ్చుకోలేదన్న సంగతి నాకు తట్టలేదు.

ఇక అసలు కథ. ఇక్కడ రుతువులు తలకిందులు కాబట్టి కార్తీక వనభోజనాలు వసంతంలో వస్తాయి. ఆ ఏడు మా సంఘం వాళ్లు ఒక పార్కులో పెట్టారు. వంట మౌంట్ రాస్కిల్‌లో క్యాటరింగ్ చేసే ఒకావిడది. ఆవిడది వరంగల్. మొదట్లో ఒంటరిగా ఉండే కుర్రాళ్లకి టిఫిన్ బాక్సులు కట్టి, క్రమంగా పుట్టినరోజులకీ, గృహప్రవేశాలకీ వండే స్థాయికి వచ్చింది. భోజనాలు బాగా జరిగాయి. సాయంత్రానికి మాత్రం అరడజను మంది పిల్లలకి వాంతులు. ఒకట్రెండు రోజుల్లో అందరూ కోలుకున్నారు.

మర్నాడు సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేశాడు. మంచి ఉద్యోగం, మంచి మాటకారి. నన్ను ‘గురువుగారూ’ అని పిలిచేవాడు. ఆ ఒక్క పిలుపుకి నేను ఎంత వార్తయినా ఇచ్చేసేవాణ్ణి, ఎంత వార్తయినా పుచ్చుకునేవాణ్ణి.

“పెరుగన్నం ముందురోజుదట గురువుగారూ. నా పేరు బయటికి రానివ్వకండి. ఆవిడ పేరు కూడా వద్దులెండి, పాపం. మీ శైలిలో చిన్న చురక వేస్తే చాలు, ఇంకోసారి జాగ్రత్తపడుతుంది” అన్నాడు.

ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆవిడకి ఫోన్ చేయలేదు. ఒక్క పిల్లవాడి తల్లినీ పలకరించలేదు. సంచిక ప్రెస్సుకి పోవడానికి ఇంకా గంట టైముంది. ఆ గంటలో నేను చేసిందల్లా వాక్యాలకి నగిషీలు చెక్కడం. ఇదిగో, నా చేత్తో రాసింది:

‘రాస్కిల్ కొండ నీడలో వంటింటినే వ్యాపారం చేసుకున్న ఓ ఓరుగల్లు అన్నపూర్ణమ్మ చేతి వంట మొన్న వనంలో పిల్లల కడుపులతో చెడుగుడు ఆడిందని భోగట్టా. నిన్నటి పెరుగన్నమే నేటి ప్రసాదమైందేమో. పెట్టే చేయి కాస్త చూసి పెట్టమ్మా.’

చెడుగుడు దగ్గర నన్ను నేనే మెచ్చుకున్నట్టు గుర్తు.

పత్రిక కొట్లకి చేరిన రోజే ఎవరో ఆ ముక్క ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. నలభై గ్రూపులు తిరిగి చివరికి నాకే వచ్చింది. కింద నవ్వే బొమ్మలు చూసి పొంగిపోయాను. రెండు వారాల తర్వాత యజమాని పిలిచాడు. బల్ల మీద ఒక ఉత్తరం. రాసినది ఉచితంగా సలహాలిచ్చే న్యాయ సహాయ కేంద్రం, ఆవిడ తరఫున. తమ క్లయింటు పరువుకి భంగం కలిగేలా అబద్ధం ప్రచురించారనీ, దాన్ని ఉపసంహరించుకోవాలనీ దాని సారాంశం.

యజమాని అరవలేదు. తన పత్రికలో తన పేరు మీద ఏం అచ్చయిందో తనకే తెలియకపోవడం కంటే సిగ్గుచేటు లేదన్నాడు, అంతే. అరిచి ఉంటే బాగుండేది. నేను మాత్రం నిబ్బరంగా, పేరెక్కడా లేదు, మనకేం భయం లేదు అన్నాను. ఆయన తనకి తెలిసిన ఒక లాయరు దగ్గరికి నన్ను పంపాడు.

లాయరంటే నా వయసువాడనుకున్నాను. మౌంట్ ఆల్బర్ట్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ల అమ్మాయి. తెలుగు బాగా అర్థమవుతుంది, కొద్దిగా మాట్లాడుతుంది, చదవడం రాదు.

“అంకుల్, మీరే చదవండి, ప్లీజ్” అంది.

చదివాను.  చెడుగుడు దగ్గర ఆ అమ్మాయి నవ్వుతుందని ఆగాను. నవ్వలేదు. ఇప్పుడు ఇంగ్లిషులో, ఫైల్ కోసం, ఒక్కో వాక్యం చెప్పమంది. ఓరుగల్లు పోయింది, అన్నపూర్ణమ్మ పోయింది, వనం పోయింది. తాలింపు వాసనంతా పోగా కాగితం మీద మిగిలింది ఒకటే మాట: ఈ స్త్రీ పాచిపోయిన అన్నం పెట్టి పిల్లలకి జబ్బు తెప్పించింది. నేను అంత మాట అనలేదన్నాను. అన్నారు కదా అంకుల్, ఇప్పుడే నాకు చెప్పారు, అంది.

పేరు రాయలేదన్న నా ఆఖరి ఆయుధం తీశాను.

“రాస్కిల్‌లో క్యాటరింగ్ చేసే వరంగల్ ఆంటీలు ఎంతమంది అంకుల్?”

“ఒక్కరే.”

“మరి? ఆవిణ్ణి తెలిసినవాళ్లకి ఆవిడే అని తెలిస్తే చాలు. నేమ్ అక్కర్లేదు.”

భోగట్టా అని రాశాను కదా, అది నా మాట కాదు కదా అన్నాను. ఆ పదానికి అర్థం అడిగింది. చెప్పాను. ఎవరో అన్నదాన్ని నేను అచ్చువేస్తే అది నేను అన్నట్టేననీ, నిజమని చూపించగలిగితేనే నాకు దారి ఉంటుందనీ చెప్పి, నా దగ్గర ఉన్నదేమిటని అడిగింది. నా దగ్గర ఉన్నది ఒక ఫోన్ కాల్. ‘అని వినికిడి’, ‘అని సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల కథనం’ అంటూ ఇన్నేళ్లూ తలదాచుకున్న గొడుగులన్నీ ఆ పూట ఒక్కొక్కటిగా మూసేశాను. ఒక్కదానికీ గుడ్డ లేదని అప్పుడు తెలిసింది.

కోర్టు దాకా పోకుండా చూడాలంటే త్వరగా, సూటిగా తప్పు ఒప్పుకోమంది. ఆవిడతో నేరుగా మాట్లాడటానికి న్యాయ సహాయ కేంద్రం వాళ్లని అడిగి ఒప్పించింది. ఆ వారం బస్సులో రాస్కిల్ వెళ్తూ, జేబులో క్షమాపణ చిత్తుప్రతి పెట్టుకుని, ఒక్కో స్టాపు దగ్గరా దిగిపోదామా అని ఆలోచించాను.

ఆవిడ తలుపు తీసి నన్ను కూర్చోమని, మంచినీళ్లిచ్చింది. తిట్టలేదు. వంటగదిలో ఆరేడు పెద్ద గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. వారం మధ్యలో ఆ వేళకి పొయ్యి మీద ఉండవలసిన గిన్నెలు. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఆవిడే చెప్పింది. బాక్సులు తీసుకునే పిల్లలు సగం మంది మానేశారు. డిసెంబరులో రెండు పెళ్లిళ్లు ఒప్పుకుంది, ఒకటి రద్దయింది, రెండోవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. దగ్గర్లోనే ఒక చిన్న కొట్టు అద్దెకి మాట్లాడుకుంది. ఆ కొట్టు యజమానికి కూడా ఎవరో నా ముక్క చదివి ఇంగ్లిషులో చెప్పారట. కాగితాల మీద సంతకం పెట్టకుండా ఈ గొడవ తేలనివ్వమన్నాడు. ఆయన ఇచ్చిన గడువు నెలాఖరు. ఆలోగా ఈ మచ్చ పోకపోతే కొట్టు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు నా ముందు పెట్టింది. ఇక్కడ అన్నం అమ్మేవాళ్లు నగర కౌన్సిల్‌లో నమోదు చేసుకుని, ఏది ఎప్పుడు వండారో, ఎంత వేడి మీద ఉంచారో, ఎంత చల్లగా దాచారో రాసుకోవాలి. పెరుగన్నం ఆ రోజు పొద్దున కలిపింది. ఎప్పుడు ఫ్రిజ్‌లో పెట్టిందీ, ఎప్పుడు ఐసుపెట్టెలో పార్కుకి తీసుకెళ్లిందీ టైముతో సహా రాసుకుంది. నేను రాసిన మూడు వాక్యాలకి ఒక్క ఆధారం లేదు, ఆవిడ కలిపిన పెరుగన్నానికి ఒక పేజీ ఉంది.

“పిల్లల అమ్మలందరికి నేనే ఫోన్ చేసిన అన్నా” అంది. “ఇద్దరు పిల్లలైతే నా అన్నం ముట్టనే లేదు. బాదం పాలు తాగిన్రు. అవి నేను చేసినయి కావు, మీ సంఘపోళ్లు తెచ్చినయి. పొద్దటి సంది కారు డిక్కీల ఉన్నయి, ఎండల.”

నేను చేయవలసిన ఫోన్లు ఆవిడ చేసింది. ముందు రాసి తర్వాత తెలుసుకునే పద్ధతికి అలవాటుపడ్డ నేను, ముందు తెలుసుకుని ఇంకా ఏమీ రాయని మనిషి ఎదుట కూర్చున్నాను. పత్రికవాడెవరో, వంట చేసేదెవరో ఆ క్షణంలో నాకు తికమకగానే ఉంది.

జేబులోంచి నా చిత్తుప్రతి తీసి చదివాను. ‘గత సంచికలో ప్రచురితమైన ఒక అంశం వల్ల ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే అందుకు చింతిస్తున్నాము.’ జీవితమంతా ఇలాంటివి రాశాను. కళ్లు మూసుకుని రాయగలను.

“ఎవరి మనోభావాలైనా అంటే ఎవరియన్నా?”

“మీవేనమ్మా.”

“మరి నావని రాయరాదు? గాయపడి ఉంటే అనేంది? ఉంటే ఏంది? నా గిన్నెలు చూస్తలేరా?” నా చేతిలోని కాగితం చూపిస్తూ, “చింతించుడు మీ ఇంట్ల చేసుకోన్రి. పేపర్ల తప్పు అని రాయిన్రి” అంది.

పెన్ను ఇచ్చాను. ఆవిడ చెప్పింది, నేను రాశాను, మళ్లీ ఆవిడ కొట్టేయించింది. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. ఫలానా సంచికలో ఫలానా ఆవిడ వంట గురించి రాశాం. అది నిజం కాదు. రాసేముందు ఆవిణ్ణి అడగలేదు, ఎవరినీ అడగలేదు, అది మా తప్పు. ఆవిడకి క్షమాపణ చెబుతున్నాం. మీ పేరు మళ్లీ అచ్చులో రావడం ఇష్టమేనా అని అడిగితే, చెడ్డప్పుడు ఆనవాళ్లు చెప్పిన్రు కద, మంచికి పేరే చెప్పున్రి, అంది. ఆ నాలుగు వాక్యాల్లో ఆవిడ పేరుంది. ఇందులో లేదు. ఇది ఆవిడ కథ కాదు, నా కథ కాబట్టి తన పేరు వద్దంది.

మరో మాట కూడా ఆవిడే చెప్పింది. “మీ పేపరు ఎవరు చదువుతరన్నా? అందరు వాట్సాప్‌లనే చూసిన్రు.” నలుగురైనా చదువుతారని మనసులో గొణుక్కున్నాను గాని, ఆవిడ మాట నిజం. మాట ఎటు పోయిందో దిద్దుబాటు కూడా అటే పోవాలి. అక్కడే, ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర, ఆ నాలుగు వాక్యాలు నా గొంతుతో చదివి ఫోన్‌లో రికార్డు చేశాను. రెండుసార్లు తడబడితే ఆవిడే మళ్లీ మొదలుపెట్టించింది. నా ముక్క వచ్చిన ప్రతి గ్రూపుకీ పంపాను. తర్వాతి సంచికలో పోపులపెట్టె ఉండే చోటే, అదే సైజులో, అదే అక్షరాలతో ఆ నాలుగు వాక్యాలూ వేశాం. కింద మిగిలిన జాగా ఖాళీగా వదిలేశాను. అందులో వేయడానికి నా దగ్గర చమత్కారమేదీ లేదు.

ఈలోపు నాలో పాత జబ్బు మళ్లీ తిరగబెట్టింది. బాదం పాలు ఎవరి కారులో వచ్చాయో కనుక్కున్నాను. కార్యదర్శి గారి కారులో. అడిగితే ఆయనే, డిక్కీలో పెట్టిన మాట నిజమే గాని వాటివల్లే అని ఎవరన్నారు గురువుగారూ, అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లాయరమ్మాయికి ఫోన్ చేసి, ‘ఓ సంఘ కార్యదర్శి’ అని మొదలుపెట్టి ఒక చిన్న ముక్క...

“అంకుల్, మళ్లీనా?” అంది.

పిల్లలకి జబ్బు ఎందుకు చేసిందో ఎవరూ పరీక్ష చేయించలేదు. డిక్కీలో పాలున్నాయన్నది నిజం. వాటివల్లే అన్నది నా అనుమానం. ఆ రెంటికీ మధ్య ఉన్న గీత దాటినందుకే కదా ఈ గోలంతా. అందుకే ఇక్కడ కూడా నాకు తెలిసింది మాత్రమే రాస్తున్నాను, కోపం ఎంత ఉన్నా.

రికార్డింగ్ వెళ్లిన మూడో రోజున ఆవిడ ఫోన్ చేసింది. రెండో పెళ్లివాళ్లు మాట్లాడారట. వారం తిరిగేసరికి బాక్సుల పిల్లలు కొందరు మళ్లీ రావడం మొదలుపెట్టారు. అందరూ కాదు. ఒక కుటుంబం ఇప్పటికీ ఆవిడ దగ్గర కొనదు. ఆ లెక్క నా మీద అలాగే ఉంది. కొట్టు యజమానికి నా క్షమాపణని ఇంగ్లిషులో రాసి, సంతకం చేసి, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చదివి, పత్రికలవాళ్లు ఇంత చిన్నగా కూడా రాయగలరా అన్నాడు. నెలాఖరుకి రెండు రోజుల ముందు ఆవిడ సంతకం పెట్టింది. ఇప్పుడు ఆ కొట్టు ముందు మధ్యాహ్నం వరసలో నిలబడాలి. పెద్దవాణ్ణని నన్ను ముందుకి పంపరు. నేనూ అడగను.

పోపులపెట్టె మళ్లీ రాలేదు. ఆ చోట ఒక పాత వంటవాడి కథో, కొత్తగా బస్సు నడుపుతున్న అమ్మాయి కథో, పేరుతో, ఆ మనిషి ఒప్పుకున్నాక, వేయడం మొదలుపెట్టాం. ఎవరి మీదైనా ఆరోపణ వస్తే ముందు వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది కూడా వేయాలని నియమం పెట్టుకున్నాం. దాంతో సగం ఆరోపణలు ఫోన్ దగ్గరే చల్లారిపోయాయి. చదివేవాళ్లు తగ్గుతారని భయపడ్డాను. కొట్ల గుమ్మాల్లో దొంతరలు ముందుకంటే త్వరగానే అయిపోయేవి. మీలో రాయాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగిన పాఠం ఒకటే. మీ వాక్యాన్ని తెలుగు చదవడం రాని ఒక లాయరుకి పైకి చదివి వినిపించండి. లాయరు దొరక్కపోతే, ఆ వాక్యం ఎవరి గురించో వాళ్లకి.

కార్యదర్శి సంగతి చెప్పలేదు కదూ. మరుసటేడు ఆయనకి సంఘంవాళ్లు సన్మానం చేశారు. ఘనంగానే జరిగింది. శాలువా, జ్ఞాపిక, మూడు ఉపన్యాసాలు. వార్త ఆయనే రాసి పంపాడు, తన పేరు పదకొండు సార్లు వచ్చేలా. లాయరమ్మాయికి ఫోన్ చేసి, ఒకరిని పొగుడుతూ పేరు రాయకపోతే చట్టం ఏమైనా అంటుందా అని అడిగాను. అలాంటి కేసు తను చదవలేదంది. ‘ఓ ప్రముఖునికి ఘన సన్మానం’ అని వేశాను. వంట చేసిన ఆవిడ పేరు, మైకు సర్దిన అబ్బాయి పేరు, ప్రార్థన పాడిన పాప పేరు, కుర్చీలు వేసిన ఇద్దరి పేర్లు అన్నీ జాగ్రత్తగా సరిచూసి వేశాను.

పత్రిక కొట్లకి చేరిన గంటకే ఫోన్ వచ్చింది. పేరు పడలేదు గురువుగారూ, అన్నాడు. నొచ్చుకున్నాను. సవరణ తప్పకుండా వేస్తామనీ, మా కొత్త నియమం ప్రకారం అది రాతపూర్వకంగా, నాలుగు వాక్యాలకి మించకుండా, విశేషణాలు లేకుండా, ఆధారాలతో పంపాలనీ చెప్పాను. రెండు పేజీలు వచ్చాయి. ‘నిస్వార్థ సేవకుడు’ అన్నచోట ఆధారం అడుగుతూ తిప్పి పంపాను. మళ్లీ వచ్చింది, మళ్లీ పంపాను. నేను పదవీ విరమణ చేసిన నాటికి ఆయన ఆరో ప్రతి దగ్గర ఉన్నాడు. బాగా మెరుగుపడ్డాడు, ఒక పేజీకి దిగాడు.